గిటారుకు గొంతు వచ్చిన కథ

రాక్ సంగీతంలో ముందుగా మన చెవిన పడేది గిటారు. కాని 1920ల నాటి అమెరికా వాద్యబృందాలలో గిటారు సరిగా వినిపించేదే కాదు. ట్రంపెట్లు, డ్రమ్ముల హోరులో అది మునిగిపోయేది.

దానికి గొంతునిచ్చింది మీరు తరగతిలో చదివే సూత్రమే! తీగచుట్ట దగ్గర అయస్కాంత క్షేత్రం మారితే చుట్టలో విద్యుత్తు పుడుతుందని 1831లో ఫారడే కనుగొన్నాడు గదా! సరిగ్గా నూరేళ్ళకు, 1931లో, జార్జ్ బీచమ్ అనే వాద్యకారుడు గిటారు ఉక్కు తీగల దగ్గర అయస్కాంతాన్ని, తీగచుట్టను అమర్చాడు. అయస్కాంతం పక్కనుండడంతో ఉక్కు తీగా అయస్కాంతమవుతుంది. మీటినప్పుడు అది సెకనుకు 110 సార్లు కంపించిందనుకోండి. చుట్టలో 110 హెర్ట్‌జ్‌ల ఏకాంతర విద్యుత్తు పుడుతుంది. ఆంప్లిఫయరు దాన్ని పెంచి లౌడ్ స్పీకరుకు అందిస్తుంది. నైలాన్ తీగతో ఇది జరగదు. ఎందుకో ఆలోచించండి.

అయితే మరో చిక్కు వచ్చిపడింది. స్పీకరు ధ్వనికి గిటారు బోలుపెట్టె అదిరేది. తీగలు మళ్ళీ కంపించేవి. చివరికి చెవులు చిల్లులుపడే కూత బయలుదేరేది. పెట్టె బోలుగా లేకుంటే సరి! 1950లో లియో ఫెండర్ గట్టి కొయ్య గిటారును అమ్మకానికి తెచ్చాడు. ఒకప్పుడు రేడియో మరమ్మతుల దుకాణం నడిపిన ఆయనకు గిటారు వాయించడం రాదు!

ఈ శక్తికి మూల్యమూ ఉంది. 'ది హూ' బృందంలోని గిటారు వాద్యకారుడు పీట్ టౌన్‌షెండ్ వినికిడి దెబ్బతిన్నది. మన లోపలి చెవిలోని రోమకణాలు ఒకసారి నశిస్తే మళ్ళీ పుట్టవు. అందుకే పెళ్ళి ఊరేగింపులోనైనా, పండుగ పందిరిలోనైనా స్పీకరుకు దూరంగా నిలబడండి.