భూగోళ పాఠంలో కర్త ఎక్కడ?

తెలుగు వాచకాల గురించి మనం సభల్లో తరచు చర్చిస్తాం. ఏ కవిని చేర్చారు, ఎవరిని తొలగించారు అని వాదించుకుంటాం. ఆ చర్చ అవసరమే. కాని పిల్లల ప్రాపంచిక దృక్పథాన్ని తీర్చిదిద్దే వాక్యాలు వాచకంలోనే లేవు; ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల భూగోళ పాఠంలోనూ ఉన్నాయి. ఆ తరగతులకు సాంఘికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయుడిగా ఆ వాక్యాల సంగతి రచయితల ముందు ఉంచదలచుకున్నాను.

పరీక్షల కోసం పిల్లలు వల్లించే నోట్సుల్లో సాధారణంగా కనిపించే ధోరణి ఇది: అనంతపురంలో వర్షపాతం తక్కువ, కనుక అది కరువు ప్రాంతం, గోదావరి డెల్టా సారవంతమైనది, కనుక అది ధాన్యాగారం. రెండింటిలోనూ “కనుక” ఉంది. ఆ “కనుక”కు ముందూ వెనకా జరిగినదంతా మాయమైంది. ఆకలి, సమృద్ధి రెండూ నేల స్వభావాలే అన్న భావం పన్నెండేళ్ల బుర్రలో స్థిరపడుతుంది.

మొదటి వాక్యాన్ని పరిశీలిద్దాం. అందులో ప్రకృతి చేసిన పని ఉంది; దాన్ని పూర్తిగా చెప్పాలి. నైరుతి గాలులు అరేబియా సముద్రపు తేమను మోసుకొచ్చి పడమటి కనుమలను తాకుతాయి. పైకి లేచిన గాలి చల్లబడి, ఆ తేమ వానై కనుమల పడమటి వాలు మీదనే కురుస్తుంది. మంగళూరు వైపు ఏడాదికి 3,000 మిల్లీమీటర్లకు మించి పడుతుంది. కనుమలు దాటి కిందికి దిగే గాలి వేడెక్కి వాననివ్వదు. ఈశాన్య రుతుపవనాల వాన కూడా తూర్పు తీరంలో ఎక్కువగా పడి, లోపలికి వచ్చేసరికి పలచబడుతుంది. అందుకే అనంతపురం ఏడాది సగటు 550 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. ఇంతా చెప్పిన తర్వాత “వర్షచ్ఛాయ” అన్న మాట చెబితే అది పిల్లల సొత్తవుతుంది. ముందే చెబితే భయపెట్టే సంస్కృత సమాసంగా మిగులుతుంది.

ఇక రెండో వాక్యం. గోదావరి డెల్టాలో పడే వాన దాదాపు దీనికి రెట్టింపు. ఒండ్రు నేల అప్పుడూ ఉంది, నదీ అప్పుడూ ఉంది. అయినా 1832-33లో గుంటూరు సీమను తుడిచిపెట్టిన కరువు గోదావరి ప్రాంతాన్నీ వదల్లేదు. 1821కీ 1841కీ మధ్య నాటి రాజమండ్రి జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు తగ్గిపోయింది. నది నిండుగా సముద్రంలో కలుస్తుంటే ఒడ్డున జనం ఆకలితో చచ్చారు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట, దాని కాలువలు ఆ స్థితిని మార్చాయి. అంటే మనం “సహజంగా సారవంతం” అంటున్న డెల్టా చాలావరకు మనుషులు తయారు చేసిన భూగోళం.

మరోవైపు, వాన తక్కువైన అనంతపురంలోనే విజయనగర కాలపు జనం బుక్కరాయసముద్రం వంటి చెరువులు తవ్వి వాన నీటిని నిలిపారు. వానలెక్క ఒక్కటే మనుషుల బతుకును నిర్ణయించదని చెప్పడానికి ఈ రెండు ఉదాహరణలు చాలు.

ఇక్కడే వ్యాకరణం వస్తుంది. “ఆనకట్ట నిర్మించబడినది” అన్న వాక్యాన్ని నల్లబల్ల మీద రాసి, ఎవరు నిర్మించారని అడుగుతాను. ఆర్థర్ కాటన్ అని వెంటనే జవాబొస్తుంది. రాయి ఎవరు కొట్టారు, సున్నం ఎవరు మోశారు? వేలాది కూలీలు. డబ్బు ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు? ఈస్టిండియా కంపెనీ, పడిపోతున్న శిస్తును నిలబెట్టుకోవడానికి. నీళ్లు ఎవరి పొలాలకు పారాయి? భూమి ఉన్నవాళ్ల పొలాలకు. ఒక్క కర్మణి వాక్యాన్ని కర్తరిలోకి మారిస్తే నలుగురు కర్తలు బయటికొస్తారు. “గ్రామాలు ముంపుకు గురయ్యాయి” అన్న వాక్యమూ అంతే. 1981లో శ్రీశైలం జలాశయం కోసం కర్నూలు, మహబూబ్‌నగర్ పల్లెలను ఖాళీ చేయించింది వరద కాదు, ప్రభుత్వం.

అయితే ఒక హెచ్చరిక అవసరం. ప్రతిదానికీ మనిషినే కర్తను చేయడం శాస్త్రీయ దృక్పథం అనిపించుకోదు. 1977 నవంబరు 19న దివిసీమ మీద పడిన ఉప్పెనను ఏ వర్గమూ సృష్టించలేదు. తుపాను గాలి సముద్రాన్ని లోతు తక్కువైన తీరం మీదికి నెట్టింది. కాని సుమారు పదివేల మంది చనిపోవడానికి గాలి ఒక్కటే కారణం కాదు. హెచ్చరిక అందని పల్లెలు, నిలవలేని గుడిసెలు కూడా కారణం. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను తీవ్రమైనదే. ఒడిశాలో, మన ఉత్తర తీరంలో లక్షల మందిని ముందే తరలించారు. మృతులు పదుల సంఖ్యకే పరిమితమయ్యారు. ప్రకృతి పని ఎంత, సమాజం పని ఎంత అని విడదీసి చూపడమే ఈ వయసు పిల్లలకు చెప్పవలసిన భూగోళం. అది వదిలేసి “దోపిడీ వర్గాల వల్ల” అని రాయిస్తే, అదీ మరో కంఠస్థమే అవుతుంది.

పద్ధతి ఏమిటంటే, పిల్లల చేత ఊరి చెరువు పటం గీయించాలి. కట్ట పొడవును అడుగులతో కొలిచి, వంద అడుగులకు ఒక అంగుళం చొప్పున కాగితం మీద పెడితే స్కేలు అర్థమవుతుంది. తూము, అలుగు, కాలువ, చివరి మడి గుర్తించాక, ఏ పొలానికి ముందు నీళ్లొస్తాయి, ఏది ఎండుతుంది అని అడగాలి. వాలు, ఆస్తి రెండూ ఒకే పటంలో కనిపిస్తాయి. ఎగువ, దిగువ, మెట్ట, మాగాణి, రేగడి, చెల్క వంటి మాటలు వాళ్ల ఇళ్లలోనే ఉన్నాయి. వాటి మీదుగానే శాస్త్ర పదానికి వెళ్లాలి.

ప్రభుత్వ బడులు ఇంగ్లీషు మాధ్యమానికి మళ్లుతున్న ఈ రోజుల్లో ద్విభాషా పుస్తకాలు వచ్చాయి. ఒక పుటలో ఇంగ్లీషు, ఎదుటి పుటలో తెలుగు. ఆ తెలుగు పుట ఇంగ్లీషు కర్మణి వాక్యానికి నీడగా మిగిలితే పిల్లవాడు దాన్ని చదవడు. చదివినా అందులో తన ఊరు, తన తల్లిదండ్రుల శ్రమ కనిపించవు. కథలో కర్త లేని వాక్యాన్ని మనం విమర్శిస్తాం. భూగోళ పాఠంలోని వాక్యాన్నీ అంతే పట్టుదలగా చదవాలి, దిద్దాలి, అవసరమైతే మనమే రాయాలి.