ఒక్కొక్కటే తొలగిస్తే... లెక్క తేలిపోతుంది!

రెండు సమీకరణాలు ఇస్తారు. ఎక్స్ ఎంతో, వై ఎంతో కనుక్కోమంటారు. పదో తరగతి పరీక్షలో మార్కులు తెచ్చుకుని, ఆ తర్వాత హాయిగా మర్చిపోయే లెక్క అది. కానీ ఆ లెక్క మాత్రం మనల్ని వదల్లేదు. ఒకప్పుడు చైనాలో ధాన్యం దిగుబడి తేల్చింది. ఐరోపాలో గ్రహాల దారి చెప్పింది. ఇప్పుడు సూపర్ కంప్యూటర్లకే పరీక్ష పెడుతోంది!

తొమ్మిది మాదీఫలాలు, ఏడు వెలగపండ్లు కలిపి కొంటే ధర 107. అదే ఏడు మాదీఫలాలు, తొమ్మిది వెలగపండ్లు అయితే 101. ఒక్కో పండు ధరెంత?

తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు 'గణితసార సంగ్రహం'లో ఇచ్చిన లెక్క ఇది. ఆయన రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంవాడు. పావులూరి మల్లన తర్వాతి కాలంలో తెలుగు పద్యాల్లోకి తెచ్చింది ఈ గ్రంథాన్నే.

ఇందులో చిక్కల్లా రెండు ధరలూ కలగలిసి ఉండటమే. అందుకే ముందు ఒకదాన్ని తప్పించాలి. మొదటి బేరాన్ని తొమ్మిదిసార్లు చేశామనుకుందాం. 81 మాదీఫలాలు, 63 వెలగపండ్లు, ధర 963. రెండో బేరాన్ని ఏడుసార్లు చేస్తే 49 మాదీఫలాలు, 63 వెలగపండ్లు, ధర 707. రెండుచోట్లా వెలగపండ్లు సమానమయ్యాయి కదా! ఒకదాన్లోంచి మరొకటి తీసేస్తే అవి మాయమవుతాయి. మిగిలేది 32 మాదీఫలాలు, ధర 256. అంటే ఒక్కోటి 8. ఇక వెలగపండు ధర 5 అని ఇట్టే తేలిపోతుంది. చరరాశిని తొలగించే పద్ధతి అంటే ఇదే.

పుల్లలతో లెక్క

మూడు రాశులు తెలియకపోతే? చైనా వాళ్లు సుమారు రెండువేల ఏళ్ల కిందటే ఆ పని చేసి చూపించారు. 'గణిత కళపై తొమ్మిది అధ్యాయాలు' అనే అర్థం వచ్చే పేరున్న వాళ్ల పుస్తకంలో ఎనిమిదో అధ్యాయం మొత్తం ఇలాంటి లెక్కలే... 18 ఉన్నాయి.

మొదటిది రైతు లెక్క. మేలురకం పైరు మూడు మోపులు, మధ్యరకం రెండు, నాసిరకం ఒకటి నూర్చితే 39 కొలతల ధాన్యం వచ్చింది. మోపులు 2, 3, 1 అయితే 34. అవే 1, 2, 3 అయితే 26. ఒక్కో మోపుకి ఎంత ధాన్యం?

వాళ్లు ఈ అంకెల్ని చిన్నచిన్న పుల్లలతో బల్లమీద నిలువు వరుసల్లో పేర్చేవారు. ఒక వరుసను హెచ్చించి, అందులోంచి మరో వరుసను తీసేస్తూ పోయేవారు. తీసివేతలో రుణ సంఖ్యలొచ్చినా బెదరలేదు. ధనానికి ఎర్ర పుల్లలు, రుణానికి నల్ల పుల్లలు వాడమని 263లో ఈ గ్రంథానికి వ్యాఖ్యానం రాసిన ల్యూ హుయ్ చెప్పాడు. చివరికి ఒక వరుసలో ఒకే తెలియని రాశి మిగులుతుంది. దాన్ని పట్టుకుని వెనక్కి వస్తే మిగతా రెండూ దొరుకుతాయి. మేలురకం 9¼, మధ్యరకం 4¼, నాసిరకం 2¾. ఈనాటి ఇంజినీరింగ్ విద్యార్థి చేసేదీ అచ్చంగా ఇదే!

పేరు మాత్రం గాస్‌ది

కాలేజీ పుస్తకాల్లో దీన్ని 'గాస్ ఎలిమినేషన్' అంటారు. జర్మన్ గణిత మేధావి గాస్ మాత్రం ఇది తన సొంతమని చెప్పుకోలేదు. ఖగోళ వస్తువుల కదలికల మీద 1809లో ప్రచురించిన గ్రంథంలో దీన్ని 'మామూలు తొలగింపు' గానే ప్రస్తావించాడు. ఆయన చేసిన మేలు వేరే ఉంది. ఆకాశంలో తీసుకున్న కొలతల్లో చిన్నచిన్న తప్పులు తప్పవు. వాటి ప్రభావాన్ని వీలైనంత తగ్గించాలంటే బోలెడు సమీకరణాలు సాధించాలి. ఆ పని చేత్తో త్వరగా అయ్యేలా ఓ క్రమం, సంకేతాలు ఏర్పరిచాడు.

42కి 56 గంటలు

ఈ పద్ధతితో ఓ తంటా ఉంది. తెలియని రాశులు రెట్టింపైతే పని దాదాపు ఎనిమిది రెట్లవుతుంది. 1949లో హార్వర్డ్ ఆచార్యుడు వాసిలీ లియాంటిఫ్‌కి ఈ సంగతి బాగా అనుభవమైంది. అమెరికా ఆర్థిక వ్యవస్థను ఆయన 500 రంగాలుగా విడదీసి, రంగానికో సమీకరణం రాశాడు. అప్పటి మార్క్-2 కంప్యూటర్‌కి అన్ని సాధించే శక్తి లేదు. దాంతో 42కి కుదించాల్సి వచ్చింది. వాటికే ఆ యంత్రం 56 గంటలు తీసుకుంది! ఏ రంగంలో ఉత్పత్తి పెరిగితే మిగతా వాటికి ఎంత గిరాకీ వస్తుందో లెక్కగట్టే ఆ విధానానికే 1973లో ఆయనకు నోబెల్ దక్కింది.

మరో భయమూ ఉండేది. దశాంశాల్లో చివరి అంకెలు వదిలేస్తూ పోతే చిన్న తప్పు కొండంత అవుతుందేమోనని 1940ల్లో గణితజ్ఞులు కంగారుపడ్డారు. ఆ భయం చాలావరకు అనవసరమని వాన్ న్యూమన్, గోల్డ్‌స్టైన్ 1947లో, ట్యూరింగ్ 1948లో రాసిన పరిశోధన పత్రాలు చూపించాయి. ఒక జాగ్రత్త మాత్రం కావాలి. భాగించడానికి చిన్న అంకెను కాకుండా పెద్ద అంకె ఉన్న వరుసను ఎంచుకోవాలి.

యంత్రాలకూ ఇదే పరీక్ష

ప్రపంచంలో అత్యంత వేగవంతమైన 500 సూపర్ కంప్యూటర్ల జాబితా 1993 నుంచి ఏటా రెండుసార్లు వెలువడుతోంది. ర్యాంకు ఎలా ఇస్తారంటారా? పెద్ద సమీకరణాల గుంపునిచ్చి, తొలగింపు పద్ధతిలో ఎంత వేగంగా సాధిస్తాయో చూస్తారు. పుణెలో రూపొందిన మన 'ఏక' 2007 నవంబరులో ప్రపంచంలో నాలుగో స్థానం తెచ్చుకుంది ఈ పరీక్షలోనే.

అయితే ఎంత పెద్ద యంత్రమైనా ఒకచోట ఆగిపోవాల్సిందే. 9 మాదీఫలాలు, 7 వెలగపండ్లు 107 అని చెప్పి, రెండో సమాచారంగా 18, 14 కలిపి 214 అంటే? తీసివేస్తే మిగిలేది సున్నా. ఎందుకంటే అది కొత్త కబురు కాదు, పాతదే రెట్టింపు చేసి చెప్పడం. తెలియనివి ఎన్నో, ఒకదాన్నుంచి మరొకటి పుట్టని వివరాలు కూడా అన్ని కావాలి. అవి చేతిలో ఉంటే చిక్కుముడిని ఒక్కో పోగూ లాగుతూ విప్పుకోవచ్చు. లేకపోతే ముందు వెతకాల్సింది జవాబు కాదు... ఇంకో వివరం!