గిటారు కొంటున్నారా? ఒక్క క్షణం ఆగండి!

తెల్లటి దుస్తుల్లో జీనత్ అమన్ గిటారు ఒళ్లోకి తీసుకుని తీగలు మీటుతుంటే 1973లో ‘యాదోం కీ బారాత్’ చూసిన కుర్రకారు మతులు పోయాయట! 1989లో ‘ప్రేమ’ చిత్రంలో వెంకటేష్ గిటారు భుజాన వేసుకుంటే మన తెలుగునాట ఎందరో హీరోలు అద్దం ముందు చీపురుకట్ట పట్టుకుని అలాగే నిలబడ్డారు. 2011లో ‘రాక్‌స్టార్’ వచ్చింది. రణబీర్ కపూర్ జుట్టు, గడ్డం, గిటారు... మూడూ ఒకేసారి ఫ్యాషన్ అయ్యాయి!

జుట్టు, గడ్డం ఊరికే పెరుగుతాయి. గిటారుకే డబ్బు కావాలి. చిక్కంతా అక్కడే!

ఇంతకీ ఈ విషయం మీద రాయడానికి నాకున్న అర్హత ఏమిటని అడుగుతారా? చెబుతాను. తప్పుడు గిటారు కొని ఎనిమిదేళ్లు పాడుచేసుకున్నవాణ్ణి. అంతకన్నా పెద్ద అర్హత ఏం కావాలి?

★ ఎర్ర గిటారు చేసిన మోసం

2008 సంగతి. డిగ్రీ చదువుతున్నాను. ఏడాది క్రితం వచ్చిన ‘హ్యాపీ డేస్’ పాటలు ఇంకా ప్రతి హాస్టలు గదిలోనూ మోగుతున్న రోజులు. మెస్ బిల్లులో మిగిల్చి, అమ్మ దగ్గర అబద్ధమాడి, పద్ధెనిమిది వందలు పోగుచేశాను. విజయవాడలో ఒక కొట్టుకి వెళ్లి ఎర్రగా నిగనిగలాడుతున్న గిటారు కొనేశాను. మీటి చూశానా? లేదు. అద్దంలో చూసుకున్నాను. బ్రహ్మాండంగా ఉన్నాను!

గిటారు మాత్రం బ్రహ్మాండంగా లేదు. తీగలు మెడకి జానెడు ఎత్తున ఉన్నట్టుండేవి. నొక్కితే వేళ్లు కోసుకుపోయేవి. పొద్దున శ్రుతి చేస్తే మధ్యాహ్నానికి అపశ్రుతి. మూడు నెలలకి నాకొక సత్యం బోధపడిందనుకున్నాను: ‘నాకు సంగీతం రాదు. ఇది నా వల్ల కాదు.’ గిటారు అటకెక్కింది.

ఎనిమిదేళ్ల తర్వాత ఒక ఇంటర్వ్యూ పని మీద ఓ గిటారు మాస్టారి ఇంటికి వెళ్లాను. మాటల్లో నా గొడవంతా చెప్పుకున్నాను. ఆయన తన గిటారు చేతికిచ్చి, ‘ఇది నొక్కండి’ అన్నారు. నొక్కాను. వేలికి నొప్పి లేదు. స్వరం గంటలా మోగింది! ఆయన నవ్వి, ‘బాబూ, తప్పు మీ వేళ్లది కాదండీ. ఆ చెక్కది’ అన్నారు.

ఆ మాట వినగానే సంతోషం కలగలేదు, ఏడుపొచ్చింది. ఎనిమిదేళ్లు నన్ను నేను తిట్టుకున్నది ఒక చెక్కముక్క కోసమా అని!

అందుకే ఈ వ్యాసం. మీలో ఎవరూ ఓ చవకబారు చెక్కముక్క మాట నమ్మి ‘నాకు రాదు’ అనుకోకూడదు.

★ ముందు తీగ సంగతి

అకూస్టిక్ గిటార్లు ముఖ్యంగా రెండు రకాలు. నైలాన్ తీగలది క్లాసికల్ గిటారు. ఉక్కు తీగలది మన సినిమా పాటల్లో గలగలమనేది. నైలాన్ వేళ్లకి మెత్తన. కానీ మెడ వెడల్పు, పైభాగాన దాదాపు 52 మిల్లీమీటర్లు. ఉక్కు తీగల గిటారుకైతే సుమారు 43 మాత్రమే. పొట్టి వేళ్లవాళ్లకి ఈ తేడా చిన్నదేం కాదు.

అన్నట్లు, మేస్ట్రో ఇళయరాజా గారు చేపట్టినది క్లాసికల్ గిటారే. మద్రాసులో ధనరాజ్ మాస్టారి దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకుని, లండన్ ట్రినిటీ కళాశాల పరీక్షలో బంగారు పతకం కొట్టారు. 1976లో ‘అన్నక్కిళి’తో సంగీత దర్శకుడు కాకముందు స్టూడియోల్లో గిటారు వాయించిన చెయ్యి అది! అలాంటి సాధన మీద మోజుంటే నైలాన్ తీసుకోండి. పాట పాడుతూ కార్డ్స్ కొట్టాలనుంటే ఉక్కే మీ దారి.

ఒక హెచ్చరిక: క్లాసికల్ గిటారుకి ఉక్కు తీగలు బిగించకండి! ఉక్కు తీగల సెట్టు మొత్తం లాగే బరువు డెబ్భై కిలోల పైమాటే. అంటే ఓ నిండు మనిషి వేలాడుతున్నట్టు. నైలాను కోసం కట్టిన చెక్క ఆ లాగుడికి తట్టుకోలేదు. బ్రిడ్జి ఊడి చేతికొస్తుంది.

★ యుద్ధనౌక పేరు పెట్టుకున్న గిటారు

కొట్లో ఎక్కువగా కనిపించే పెద్ద బుర్ర గిటారు పేరు డ్రెడ్‌నాట్. ఇది నిజానికి బ్రిటిష్ యుద్ధనౌక పేరు! 1906లో ఆ నౌక నీటిలోకి దిగింది. పదేళ్లకి, 1916లో, అమెరికాలోని మార్టిన్ కంపెనీ తాను కట్టిన భారీ గిటారుకి ఆ పేరు ఖాయమయింది. గొంతు పెద్దది, గుంపులో పాడేవాళ్లకి భేష్. బక్కపల్చటివాళ్లకి, చిన్న చేతులవాళ్లకి మాత్రం చంక కింద కుండ పెట్టుకున్నట్టుంటుంది. వాళ్లు కాన్సర్ట్ లేదా పార్లర్ సైజు అడగండి. చిన్నదని నామోషీ పడొద్దు. ఒళ్లో కుదురుగా కూర్చునే గిటారే రోజూ చేతిలోకొస్తుంది.

★ పనస చెక్క, ప్లైవుడ్డు

బొబ్బిలి వీణకి పనస చెక్క ఎలాగో, గిటారు పైపలకకి స్ప్రూస్ అలాగ. ఇది చలిదేశాల చెట్టు. ఆ పలక ఒకే చెక్కతో చేసిందైతే ‘సాలిడ్ టాప్’ అంటారు. పల్చటి పొరలు అతికించిందైతే ‘లామినేటెడ్’, మన భాషలో ప్లైవుడ్డు. సాలిడ్ పలక బాగా కంపిస్తుంది, వాయించేకొద్దీ స్వరం పండుతుంది. ధరా పండుతుంది!

రెంటికీ తేడా తెలుసుకోవడం ఎలా? నడుమనున్న గుండ్రటి కన్నం అంచు పరిశీలించండి. పై గీతలు అంచు మీదుగా లోపలికి అలాగే దిగితే సాలిడ్. బిస్కెట్టులా పొరలు కనిపిస్తే ప్లై.

మరో సంగతి వింటే మీ ఛాతీ పొంగుతుంది. ప్రపంచంలోని మేలైన గిటార్ల వెనకభాగం చాలావాటికి మన దేశపు రోజ్‌వుడ్డే! మనవాళ్లు ఇరుగుడు చేవ, జిట్రేగి అనే చెట్టది. బ్రెజిల్ రోజ్‌వుడ్ దొరకడం కష్టమయ్యాక 1969లో మార్టిన్ కంపెనీ మన చెక్క వైపు మళ్లింది. అమెరికా గాయకుడి గుండెకి ఆనుకున్నది మన దక్షిణాది అడవి చెక్క!

★ పర్సు ఎంత? పట్టు ఎంత?

ధరలు రోజూ మారతాయి గనుక ఇవి ఉరామరికగా చెబుతున్న మాటలు.

మూడు నాలుగు వేల లోపు: ఇక్కడ అదృష్టం కావాలి. ఒకే మోడల్‌లో ఒకటి బాగుంటుంది, పక్కది ఉండదు. చూడకుండా తెప్పించుకోకండి. మెడలో ట్రస్ రాడ్, అంటే బిగించి సరిచేసుకునే ఇనుప కడ్డీ, లేనిదైతే అసలు ముట్టుకోవద్దు. మెడ వంగితే దాన్ని సరిచేసే దారి ఉండదు. నా ఎర్ర గిటారుకి లేనిది ఇదే!

ఐదు నుంచి పన్నెండు వేలు: నేర్చుకునేవాళ్ల అసలు చోటిది. కలకత్తా గివ్‌సన్, హాబ్నర్ కంపెనీలు తరాలుగా మన కుర్రాళ్లకి మొదటి గిటార్లు ఇస్తున్నాయి. కేడెన్స్, వాల్ట్ లాంటి కొత్త పేర్లూ ఉన్నాయి. యమహా ఎఫ్ 280, ఎఫ్ 310 ఈ శ్రేణి పైభాగంలో ఉంటాయి. ప్లై చెక్కే అయినా పనితనం నిలకడగా ఉంటుందని మాస్టార్లు ఎక్కువగా వీటి పేరు చెబుతారు.

ఇరవై వేలు, ఆపైన: ఇప్పటికే చెయ్యి తిరిగినవాళ్లకి. యమహా ఎఫ్‌జీ 800, ఫెండర్ సీడీ 60ఎస్ వంటివి సాలిడ్ టాప్ గిటార్లు. స్టేజీ ఎక్కేవాళ్లు లోపల పికప్ ఉన్నది చూస్తారు. ఇంట్లోనే వాయించేవాళ్లకి ఆ పికప్ దండగ. అదే ధరలో పికప్ లేని గిటారుకి చెక్క మెరుగ్గా ఉండే అవకాశం ఎక్కువ.

అనుభవజ్ఞులకి ఇంకో మాట. కొత్త గిటారు కొనేముందు పాతదానికి ఓ వెయ్యి ఖర్చుపెట్టి కొత్త తీగలు వేయించి, తీగల ఎత్తు సరిచేయించి చూడండి. చాలాసార్లు మీరు వెతుకుతున్న గిటారు మీ ఇంట్లోనే ఉంటుంది!

★ కొట్లో చేయవలసిన ఐదు పరీక్షలు

1. జేబులోంచి ఏటీఎం కార్డులు తీయండి. డబ్బు కట్టడానికి కాదు, కొలవడానికి! అక్షరాలు ఉబ్బెత్తుగా లేని మూడు కార్డులు దొంతరగా పెడితే సుమారు 2.3 మిల్లీమీటర్లు. ఉక్కు తీగల గిటారుకి పన్నెండో ఫ్రెట్ మీద, లావు తీగ కింద అవి సరిపోతే సుఖం. నాలుగు కార్డులు వదులుగా దూరితే తీగలు ఎత్తుగా ఉన్నట్టే. సరిచేసి ఇవ్వమనండి.

2. వీణకి మెట్లున్నట్టే గిటారుకి ఫ్రెట్లు. ప్రతి తీగనీ ప్రతి ఫ్రెట్ మీదా నొక్కి మీటండి. ఎక్కడైనా జుయ్యిమంటే, స్వరం చచ్చిపోతే, పక్కన పెట్టండి. కొట్టువాడు విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి.

3. తీగని వదిలేసి శ్రుతి చేయండి. అదే తీగని పన్నెండో ఫ్రెట్ దగ్గర నొక్కి మీటితే సరిగ్గా పై స్థాయిలో అదే స్వరం పలకాలి. సెల్‌ఫోనులో ట్యూనరుంటే చెవి మీద ఆధారపడక్కర్లేదు.

4. మెడ అంచు వెంట అరచేయి నెమ్మదిగా జరపండి. ఫ్రెట్ల కొసలు రంపంలా గీరితే వద్దు.

5. బిరడాలు తిప్పి చూడండి. గట్టిగా, సాఫీగా తిరగాలి. బ్రిడ్జి కింద పల్చటి కాగితం దూరుతుందేమో చూడండి. దూరితే అది లేస్తోందని అర్థం. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకి ఇది మరీ ముఖ్యం.

★ మేనల్లుడి నల్ల గిటారు

మొన్నామధ్య మా మేనల్లుడు అటక సర్దుతూ నా ఎర్ర గిటారు కిందికి దించాడు. ‘మావయ్యా, నీకు గిటారొచ్చా?’ అన్నాడు కళ్లు పెద్దవి చేసి. కథంతా చెప్పాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, ‘నేనూ కొందామనుకుంటున్నా’ అన్నాడు. సెలవుల్లో పార్సిళ్లు మోసి ఎనిమిదిన్నర వేలు దాచాడట!

ఆ డబ్బు ఎలా వచ్చిందో తెలిశాక నాకు భయం పట్టుకుంది. ఇద్దరం కలిసి వెళ్లాం. వాడి చూపు సూటిగా నల్లగా మెరుస్తున్న, నడుము కోసిన, మీటలున్న గిటారు మీద పడింది. అచ్చం నా చూపే! పక్కనే చెక్కరంగులో సాదాసీదా గిటారొకటి ఉంది. ధర కొంచెం ఎక్కువ కూడా.

‘ఒరేయ్, అటు తిరిగి నిలబడు’ అన్నాను. కొట్టాయన రెండూ ఒకదాని తర్వాత ఒకటి వాయించాడు. ‘ఏది బాగుంది?’

‘రెండోది మావయ్యా!’

వెనక్కి తిరిగి చూశాడు. రెండోది సాదా గిటారు. వాడి ముఖం చూడాలి! నల్లదాన్ని వదల్లేక వదిలాడు. కార్డుల పరీక్షలో సాదాది కొంచెం ఎత్తుగా తేలింది. కొట్టాయనే శాడిల్ అరగదీసి దించి ఇచ్చాడు. మిగిలిన డబ్బుతో దళసరి సంచీ, ఒక సెట్టు అదనపు తీగలు కొన్నాం. బస్సు ఛార్జీ నేనే పెట్టుకున్నాను.

మొదటి రెండు వారాలు వాడి వేళ్లూ నొప్పి పుట్టాయి. ఎంత మంచి గిటారైనా ఆ మాత్రం నొప్పి తప్పదు. కాయలు కాసేదాకా రోజుకి ఇరవై నిమిషాలు చాలు. గిటారుని ఎండలో నిలిపిన కారులో వదలకండి, మే నెల వేడికి జిగురు కరుగుతుంది. సముద్రం ఒడ్డు ఊళ్లవాళ్లు వాయించాక తీగలు పొడి గుడ్డతో తుడవండి, లేకపోతే తుప్పు ఖాయం.

ఇప్పటికి ఆరు నెలలు. మా మేనల్లుడికి నాలుగు కార్డ్స్, రెండు పాటలు వచ్చాయి. వచ్చినవి కొద్దిగానే. కానీ ‘నాకు రాదు’ అని ఒక్కసారీ అనలేదు!

ఎర్ర గిటారు ఏమైందంటారా? మళ్లీ అటకెక్కించలేదు. హాల్లో గోడకి తగిలించాను. ఫోటోలో అది ఇప్పటికీ బ్రహ్మాండంగా ఉంటుంది.

ఆ మాటకొస్తే, అది చేయగలిగిందీ అదొక్కటే!