గాలికీ ఒక అరుగు కావాలి

మా పెడనలో పాత యిళ్ళకు వీధివైపు అరుగు వుండేది. వచ్చినవారెవరైనా సరే అక్కడ కూర్చుని మంచినీళ్ళు పుచ్చుకునేవారు. లోపలికి వచ్చేవారు కొందరే. పడకగది దాకా వచ్చేవారు అసలే లేరు. ఆ అరుగు విలువ నాకు ఈ మధ్య ఒక పదేళ్ళ కుర్రవాడివల్ల తెలిసివచ్చింది.

మాది కలంకారీ అద్దకం యిల్లు. ముందుగదిలో వ్యాపారం, వెనుక కాపురం. కరక్కాయ పట్టించిన గుడ్డమీద టేకు అచ్చులతో అద్దడం తాతలనాటి పద్ధతే గాని, కొత్త అచ్చుల నమూనాలు మాత్రం యిప్పుడు కంప్యూటరులో వుంటున్నాయి. యింటిల్లిపాది ఫోన్లకూ, ఆ కంప్యూటరుకూ కలిపి ఒకటే వైఫై పెట్టె, ఒకటే పాస్‌వర్డు. బేరానికి వచ్చినవారు అడిగితే మా కోడలు కాఫీ యిచ్చినట్టే అదీ చెప్పేసేది.

ఒకనాడు చీరలు చూడవచ్చిన దంపతుల కుర్రవాడు ఫోను నొక్కుకుంటూ, "తాతగారూ, ఈ నెమలి బాగుందండీ!" అన్నాడు. తొంగిచూసి నిర్ఘాంతపోయాను. అది యింకా చెక్కించని అచ్చు! అచ్చు చెక్కడానికి రోజులు పడుతుంది. ఆ బొమ్మే చేజిక్కితే స్క్రీన్ ప్రింటులో దింపడం ఎంతసేపు? కుర్రవాడి తప్పేమీ లేదు. నేను పాస్‌వర్డు లేకుండా అందరికీ తెరిచి వుంచిన ఫోల్డరు, అదే వైఫైలో వున్న వాడి ఫోనుకు కనబడింది.

బందరు నుంచి వచ్చిన మా మేనల్లుడు యిది విని నవ్వాడు. "మావయ్యా, మీ పెట్టెకు అరుగు లేదు. కట్టేద్దాం" అన్నాడు.

కొత్త పెట్టె కొనాలి కాబోలుననుకున్నాను. అక్కరలేదట. ఒకే పెట్టె రెండు మూడు పేర్లతో పలకగలదట. ఫోనుకు అవి వేర్వేరు పెట్టెల్లాగే కనిపిస్తాయి. వీటినే వర్చువల్ యాక్సెస్ పాయింట్లు అంటారు. చాలా పెట్టెలలో యివి "గెస్ట్ నెట్‌వర్క్" అనే పేరుతో వుంటాయి.

పెట్టె అడుగున చీటీమీద వున్న చిరునామా, మాదాంట్లో 192.168.1.1, బ్రౌజరులో కొట్టాడు. అమరికల పేజీ తెరుచుకున్నది. కొన్ననాటి నుంచీ మార్చని ఆ పేజీ పాస్‌వర్డును ముందు మార్పించాడు. తర్వాత "అరుగు" అని రెండో పేరు పెట్టి, డబ్ల్యూపీఏ2 భద్రత ఎంచి, ఎనిమిది అక్షరాలకు తగ్గకుండా వేరే పాస్‌వర్డు యిచ్చాడు. యింటి పాస్‌వర్డు అప్పటికే సగం వూరికి తెలుసును గనుక అదీ మార్చాం.

పని అయిందనుకున్నాను. "పరీక్షించందే నమ్మకూడదు" అంటూ వాడు తన ఫోనును అరుగుకు కలిపాడు. నెమలి మళ్ళీ ప్రత్యక్షం! పేర్లు రెండయ్యాయి గాని మధ్య గోడ లేవలేదు. రెండు గుమ్మాలు పెట్టి ఒకే గదిలోకి దారి తీసినట్టయింది. పేజీ అంతా వెతికితే, అతిథులు యింటి నెట్‌వర్కును చూడవచ్చుననే గడిలో టిక్కు వుంది. అది తీసేశాడు. అతిథుల ఫోన్లు ఒకదానికొకటి కనబడకుండా చేసే "ఐసొలేషన్" గడిలో టిక్కు పెట్టాడు. మళ్ళీ చూస్తే యింటర్నెట్టు వచ్చింది, నెమలి రాలేదు.

కోడలికి ఉత్సాహం కలిగింది. "పిల్లలకొకటి, టీవీకొకటి, పనివాళ్ళకొకటి కూడా పెట్టెయ్యి" అన్నది.

"వద్దక్కా. పేర్లు పెరిగితే వేగం పెరగదు. ఒక్కొక్క పేరునూ పెట్టె సెకనుకు సుమారు పదిసార్లు గాలిలో చాటుతూ వుంటుంది. అన్నీ ఒకే ఛానెల్ మీద వంతులవారీగా నడవాలి. మరీ ఎక్కువైతే చాటింపుకే కాలం సరిపోతుంది. రెండు, మహా అయితే మూడు చాలు" అన్నాడు వాడు.

అరుగు కట్టాం గదా అని బీరువా తాళం మానలేం. ఆ ఫోల్డరుకూ పాస్‌వర్డు పెట్టించుకున్నాను.

నెల తిరక్కుండా ఆ దంపతులు మళ్ళీ వచ్చారు. కోడలు నవ్వుతూ కుర్రవాడికి అరుగు పాస్‌వర్డు చెప్పింది. వాడు కాసేపు వెతికి, "తాతగారూ, నెమలి ఏదండీ?" అన్నాడు.

"అచ్చు చెక్కుతున్నారు నాయనా. ఈసారి అమ్మ చీరమీద చూద్దువుగాని!" అన్నాను.