అందుకొను గొంతులు: కేసముద్రము–డోర్నకల్ మార్గమున సంఘగానము

కాజీపేటనుండి బెజవాడకు నిజాము రైలుమార్గము 1889లో పూర్తియైనది మొదలు నెక్కొండ, కేసముద్రము, మహబూబాబాదు, గార్ల, డోర్నకల్ అను స్టేషనుల నడుమ రాకపోకలును వియ్యములును పెరిగినవి. కేసముద్రపు మార్కెటుయార్డుకు మిర్చియు, మక్కలును, పెసలును తోలుకొని వచ్చు రైతులకును, బొగ్గుగనుల వైపు బండి మారుటకై డోర్నకల్లులో దిగు కూలీలకును చుట్టరికములు ఈ పట్టాల వెంబడినే పారినవి. మన సంఘపు ప్రత్యేక సంచికకై స్వస్థలమునందలి సంస్థ నొకదానిని గూర్చి వ్రాయుమని కోరినప్పుడు, కాకతీయుల కట్టడములను గూర్చి వ్రాయువారు పలువురు కలరు గనుక, శిలాఫలకమును రసీదు పుస్తకమును లేని సంస్థ నొకదానిని నేను ఎన్నుకొంటిని. అది ఈ మార్గమునందలి పల్లెలలో, విశేషించి డోర్నకల్ అధ్యక్షమండలపు క్రైస్తవసంఘములలో, నూరేండ్లకు పైబడి సాగుచున్న సామూహిక కీర్తనగానము.

దాని పుట్టుక తెలియవలెనన్న ముందు భజన యొద్దకు పోవలెను. శనివారపు రాత్రి రామాలయపు అరుగుమీదనో, ఆంజనేయుని గుడి ముందటనో పది పదునైదుమంది కూర్చుందురు. ఒకని ముందు హార్మోనియము, దానిని మనవారు పెట్టె యనియే పిలుతురు. ఒకని ఒడిలో డోలకు. తక్కినవారి చేతులలో తాళములు, చిడుతలు. పెట్టె వాయించువాడు పల్లవి చెప్పును, తక్కినవారు అందుకొందురు. అతడు చరణము చెప్పును, మరల అందుకొందురు. శ్రుతి తప్పినవానిని ఎవ్వరును లేచిపొమ్మనరు. ప్రక్కవాని గొంతే వానిని దారికి లాగుకొని వచ్చును. శ్రీరామనవమికి ఏకాహము, వేసవిలో చిరుతల రామాయణము, ఇంట ఎవరైన కన్నుమూసిన రాత్రి తెల్లవారుదాక భజన. ఇన్నింటికిని ఈ పదిమందియే. నేలకొండపల్లిలో పుట్టి, పాల్వంచ తహశీలుదారుగా నుండి, భద్రాచలమున గుడి కట్టించి, గోలకొండ చెరలో మ్రగ్గిన కంచెర్ల గోపన్న కీర్తనలు అచ్చుపుస్తకము మొగము చూడని సేద్యగాండ్ర నోళ్ళకు చేరినది ఈ అందుకొనుటచేతనే.

అయితే ఒక మాట దాచరాదు. ఆ రామాలయపు అరుగు అందరిదియు కాదు. మాలపల్లెవారును మాదిగవాడవారును ఆ పాటను దూరమునుండి వినిరి. తమ వాడలో తంబుర మీటుచు వీరబ్రహ్మముగారి తత్త్వములు పాడుకొనిరి. డప్పు వారిది, గొంతు వారిది. మంటపము మాత్రము వారిది కాకపోయెను.

ఇట్టి జనుల నడుమకు తమిళదేశమునుండి వేదనాయకం శామ్యూల్ అజరయ్య వచ్చెను. 1874లో తిరునల్వేలి సీమయందు జన్మించిన ఈయన, భారతీయులే తమ ధనముతోను తమ మనుష్యులతోను నడుపవలెనను పట్టుదలతో 1903లో వెలసిన తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపకులలో ఒకరు. 1909లో గురువుగా అభిషేకము పొంది, డోర్నకల్ చేరి, తెలుగు నేర్చి, ఎడ్లబండిమీదను సైకిలుమీదను పల్లెలు తిరిగి, 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషిక్తుడయ్యెను. ఆంగ్లికను సంఘమున ఆ పదవి నందిన ప్రథమ భారతీయుడు ఆయనయే. చరిత్రకారులు ఆ పదవిని గూర్చి పుటలు నింపిరి. నా దృష్టికి ఆయన ఘనత ఆయన చెవిలో నున్నది. తన సంఘస్థులలో అధికభాగము అక్షరము రానివారని ఆయన యెరుగును; వారికి పాట వచ్చుననియు ఎరుగును. బైబిలు గాథలును, విశ్వాసమునకు ముఖ్యములైన పాఠములును తెలుగు పాటగా వారి నోటికెక్కవలెనని ఆయన కోరెను. దేశీయమైన వరుసలును వాద్యములును ఆరాధనకు తగనివని ఎంచలేదు. ఇంగ్లండు గుడులలోవలె తెల్లని అంగీలు తొడిగిన గాయకులను వరుసగా నిలిపి, తక్కిన సభ మౌనముగా వినునట్టి పద్ధతిని ఆ పల్లెలలో నాటియుండినయెడల, తరతరములుగా పాడుటకు అలవాటుపడిన వేలమంది ఒక్కమారుగా శ్రోతలైపోయి యుందురు.

పాటలకు కొరత లేకుండెను. పురుషోత్తమ చౌదరి (1803–1890) మొదలైనవారు అంతకు మునుపే పల్లవియు చరణములును గల కీర్తనలను మన రాగములలో కూర్చియుండిరి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమును తెరచిచూచినచో, త్యాగరాజ కీర్తనల ప్రతులలో వలెనే, పాటకు పైని రాగమును తాళమును అచ్చువేసియుండును. పాశ్చాత్య స్తోత్రముల తర్జుమాలును అందు కలవు. ఆర్గను ఉన్న పట్టణపు గుడులలో అవి చక్కగా రాణించును గాని, పల్లెలో పాడునపుడు ఇతరుల కొలతకు కుట్టిన చొక్కా తొడుగుకొన్నట్లుండునని నా అభిప్రాయము.

1939 జనవరి 6న ఎపిఫనీ పండుగనాడు ప్రతిష్ఠ జరిగిన డోర్నకల్ కథీడ్రలులో గుమ్మటములు మసీదును, స్తంభములు హిందూ దేవాలయపు మంటపమును తలపించును. రాతిలో ఆ కలయికను సాధించుటకు ఏండ్లు పట్టినది; పాటలో అది అంతకు ముందే జరిగిపోయినది. అజరయ్య 1945 జనవరి 1న పరమపదించెను. ఆయన కోరిన సంఘైక్యము 1947లో దక్షిణ ఇండియా సంఘముగా రూపొందెను. పరిపాలన మారినను పల్లెలో పాట మారలేదు.

ఆ పాటకు ముందు నిలుచునది తరచుగా స్త్రీ. ఇందు వింతయేమియు లేదు. వరినాట్ల వేళ మడిలో వంగి ఒకతె పాట చెప్పగా పదుగురు అందుకొనుట, బతుకమ్మ చుట్టు తిరుగుచు చప్పట్లతో ఒక చరణమున కొక చరణము బదులిచ్చుట మన ఓరుగల్లు సీమ స్త్రీలకు ఉగ్గుపాలనాటి విద్య. పొలమున సంపాదించిన ఆ పెద్దరికము ఆదివారమునాడు చర్చిలోనికి వచ్చినది. అక్షరము రాని అవ్వ పది చరణముల కీర్తనను ఒక్క మాట జారకుండ చెప్పుచుండగా, పుస్తకము పట్టుకొన్న మనుమరాలు పుట వెదకుకొనుచుండును.

డిసెంబరు వచ్చినదన్న పడుచువాండ్రు రాత్రులందు క్యారల్సుకు బయలుదేరుదురు. పూర్వము పెట్రోమాక్సు దీపము, ఇప్పుడు ఫోనుల వెలుగు. డోలకు మాత్రము ఎవరి మెడనో వ్రేలాడుచుండును. ఇంటింటి ముందు ఒక కీర్తన, ఒక ప్రార్థన, అటుపిమ్మట చాయ. కోతపండుగనాడు వడ్లు, మక్క కంకులు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన కోడిపుంజులు గుడిలోనికి వచ్చును. వాని వేలము సాగుచున్నంతసేపు ఆ గోలలోనే పాటయు సాగును. చావు జరిగిన యింట మాత్రము పాటకు పని మారును. అయ్యగారు వచ్చువరకు, దూరపు కూతురు బండి దిగువరకు, ఆ రాత్రిని ఏదో విధముగా గడుపవలెను; దుఃఖించుచున్నవారిని మాటలాడింపరాదు, ఒంటరిగ విడువను రాదు. అప్పుడు ఒకరు పల్లవి ఎత్తుదురు. ఓదార్పు మాట తెలియనివాడు సైతము అందుకొనుటచేత అక్కడ పనికివచ్చును. ఇరుగుపొరుగుల భజనకూటము చేయు పనియు ఇదియే. ఈ విషయమున రెండు కూటములకును భేదము నాకు కానరాదు.

ఇటీవల కీబోర్డును, తాళము తానే వాయించు యంత్రమును, నిలువెత్తు స్పీకర్లును వచ్చినవి. యువకులకు శ్రుతిజ్ఞానము పెరిగిన మాట నిజము, నేను కాదనను. కాని మైకు ఒక్కరి చేతిలోనే యుండుటచే తక్కిన గొంతులు తమకే వినబడక క్రమముగా తగ్గుచున్నవి. అజరయ్య తప్పించిన మౌనమును కరెంటు తిరిగి తెచ్చుచున్నదేమో యని నా శంక.

వలసపోయిన తెలుగువారు ఈ అలవాటును ఓడలెక్కించుకొని పోయిరి. మారిషసునందు దీపము చుట్టును రాత్రియంతయు రామభజన సాగును. నేటాలు చెరకుతోటల కూలీలకై 1903లో తెలుగు బాప్టిస్టులు జాన్ రంగయ్యను పంపిరి, అచ్చటను తెలుగు కీర్తనలు వెలసినవి. మనము వలసవచ్చిన ఈ దేశమునందు పాడునపుడు సాధారణముగ యూట్యూబులోని వరుసను పట్టుకొందుము, అది అందరికిని ఒకటే. కేసముద్రము, డోర్నకల్ పల్లెలలో అట్లు కాదు. ఒకే కీర్తనకు ఈ ఊరి వరుస ఒకటి, ఏటికి ఆవలి ఊరి వరుస మరొకటి; పుస్తకమున అచ్చైన రాగము ఆ రెండింటిలో దేనికిని చెందకపోవచ్చును. సంగీతము చదివినవారెవరైన పట్నమునుండి వచ్చి, రాగమిది కాదని చెప్పి, పాడి చూపి దిద్దబోయినచో, ముందు వరుసలోని అవ్వలు ఎంతో మర్యాదగా తల యూపి విందురు. తరువాతి చరణమును తమ వరుసలోనే అందుకొందురు.