రోడ్డు ప్రమాదంలో దెబ్బ తగిలితే కాజువాల్టీలో నిజమే చెప్పండి



రోడ్డు ప్రమాదంలో గాయపడినవారు మా కాజువాల్టీకి రాని వారం లేదు. రక్తం ఆపడం, ఊపిరి చూడడం, సెలైన్ ఎక్కించడం మా మొదటి పని. ఆ వెంటనే మేము అడిగేది, "దెబ్బ ఎలా తగిలింది?" అని. కంగారులో మీరు చెప్పే ఆ జవాబు మీదే తరువాత ఆ కుటుంబానికి నష్టపరిహారం వస్తుందా రాదా అన్నది చాలావరకు ఆధారపడి ఉంటుంది. అందుకే ఈ విషయం వ్రాస్తున్నాము.

కొంతకాలం క్రితం తాపీ పని చేసే ఒక యువకుణ్ణి కాలు విరిగి తీసుకొచ్చారు. "మెట్ల మీద నుండి జారి పడ్డాడు" అని వెంట వచ్చిన బావమరిది చెప్పాడు. అదే వ్రాశాము. నిజానికి అతణ్ణి ఆటో గుద్దింది. ఆటో నడిపినవాడు తెలిసినవాడే. ఖర్చంతా తానే పెట్టుకుంటాను, పోలీసు కేసు వద్దు అన్నాడట. కాలికి రాడ్డు వేయవలసి వచ్చేసరికి ఆ మనిషి కనబడడం మానేశాడు. నాలుగు నెలల తరువాత ఆ యువకుని భార్య చంటిబిడ్డను ఎత్తుకుని వచ్చి, "సిస్టరమ్మా, ఆ ఒక్క మాట మార్చి వ్రాయండి" అని ఏడ్చింది. మాకూ కళ్ళు చెమర్చాయి. కాని మార్చలేము. ఒక్క రికార్డు దిద్దితే, మేము ఉన్నదున్నట్టు వ్రాసిన మిగతా రికార్డులను కూడా కోర్టు నమ్మదు. అప్పుడు నష్టపోయేది మిగతా రోగులే.

ఎందుకు భయపడనక్కరలేదు?

ప్రమాదం అని చెప్తే డాక్టరు గారు దానిని ఎం.ఎల్.సి.గా, అంటే పోలీసులకు తెలియజేయవలసిన కేసుగా, నమోదు చేస్తారు. "పోలీసు కేసయితే వైద్యం ఆలస్యం చేస్తారు" అన్న భయం వద్దు. ముందు ప్రాణం కాపాడాలి, మిగతావి తరువాత అని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. దారిన పోతూ గాయపడినవారిని తీసుకొచ్చినవారికి కూడా 2019 చట్ట సవరణ రక్షణ ఇచ్చింది. వారు తమ పేరు చెప్పి తీరాలని ఎవరూ బలవంతపెట్టరాదు. ఇక గుద్దినవాడు తెలిసినవాడే అన్న మొహమాటం. బండికి ఇన్సూరెన్సు ఉంటే పరిహారం మామూలుగా కట్టవలసింది కంపెనీయే.

వైద్యం హడావుడిలో పోలీసు ఫిర్యాదు కొన్నాళ్ళు ఆలస్యమైతే, ఆ ఒక్క కారణంతో క్లెయిమ్ కొట్టివేయరాదని 2011లో సుప్రీంకోర్టు తీర్పు ఉన్నది. అయినా తొందరపడడమే మంచిది.

భద్రపరచవలసినవి

1. బండి నంబరు, ప్రమాద స్థలం ఫోటోలు, చూసినవారి పేర్లు, ఫోన్ నంబర్లు.

2. ఎఫ్.ఐ.ఆర్. నకలు. ఫిర్యాదు ఇచ్చినవారికి దీనిని స్టేషనులో ఉచితంగా ఇవ్వాలి. మేము పోలీసులకు పంపే వూండ్ సర్టిఫికెట్ నకలు కూడా తీసుకోండి.

3. డిశ్చార్జి సమ్మరీ, ఎక్స్‌రే, స్కాన్ ఫిల్ములు. రోగి అడిగితే 72 గంటలలోగా రికార్డుల నకళ్ళు ఇవ్వాలని 2002 నాటి వైద్యుల నియమావళి చెబుతున్నది. మొహమాటపడకుండా అడగండి.

4. మెడికల్ షాపు బిల్లులు. ప్రతి బిల్లు మీద రోగి పేరు, తేదీ ఉండాలి. దానికి సంబంధించిన మందుల చీటీని కలిపి పిన్ను కొట్టండి. ఆసుపత్రికి రాకపోకల ఖర్చు ఒక నోటు పుస్తకంలో తేదీల వారీగా వ్రాయండి.

5. ఆదాయం ఋజువు. జీతగాళ్ళయితే జీతం చీటీ. కూలివారైతే మేస్త్రీ వ్రాసి ఇచ్చిన కాగితం, కూలి లెక్క పుస్తకం, బ్యాంకు పాసు పుస్తకం.

6. వయసు ఋజువు. పరిహారం లెక్కలో వయసు ముఖ్యం. ఆధార్ ఒక్కటే చాలదు. స్కూలు సర్టిఫికెట్‌లో ఉన్న పుట్టిన తేదీనే తీసుకోవాలని 2024 అక్టోబరులో ఇలాంటి కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది.

అసలు కాగితాలు ఎవరి చేతికీ రసీదు లేకుండా ఇవ్వకండి. వార్డుల చుట్టూ తిరిగే దళారులు ఖాళీ కాగితాల మీద సంతకం అడిగితే పెట్టకండి.

పిండికట్టు విప్పాక కూడా రండి

చాలామంది కట్టు విప్పగానే రావడం మానేస్తారు. మోకాలు ఎంతవరకు వంగుతున్నదో, నొప్పి ఎన్నాళ్ళున్నదో వ్రాసిన ఓ.పి. చీటీలు లేకపోతే, పూర్తిగా బాగయిందనే అనుకుంటారు. అంగవైకల్యం ఎంత శాతం అన్నది ఒక్కటే చాలదని, దానివల్ల ఆ మనిషి సంపాదన ఎంత తగ్గిందో చూడాలని సుప్రీంకోర్టు 2010లో చెప్పింది. కుర్చీలో కూర్చుని పని చేసే మనిషికి మోకాలు వంగకపోవడం వేరు, పరంజా ఎక్కే తాపీ మనిషికి వంగకపోవడం వేరు. మీరు చేసే పని ఏమిటో, ఇప్పుడు అందులో ఏది చేయలేకపోతున్నారో డాక్టరు గారికి విడమరచి చెప్పండి.

ఎక్కడ, ఎప్పటిలోగా?

మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో దరఖాస్తు చేయాలి. ప్రమాదం వేరే జిల్లాలో జరిగినా, మీరు నివసించే ప్రాంతపు ట్రిబ్యునల్‌లోనే వేసుకోవచ్చు. 2022 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన సవరణ ప్రకారం ఆరు నెలల లోపు వేయాలి. గుద్దిన బండి ఏదో తెలియకపోయినా తీవ్ర గాయానికి రూ. 50,000, మరణానికి రూ. 2 లక్షలు ఇచ్చే పథకం వేరే ఉన్నది. ఫీజు కట్టలేనివారు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళండి. స్త్రీలకు, పిల్లలకు, ఎస్.సి., ఎస్.టి. వారికి, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు.

ఆ తల్లిని మేము అక్కడికే పంపాము. మా రికార్డుల నకళ్ళు ఇచ్చి, ఆటో గుద్దడం చూసినవారి చేత పోలీసులకు వాంగ్మూలం ఇప్పించమని చెప్పాము. ఆమెకు దారి పూర్తిగా మూసుకుపోలేదు, కాని ఎంతో కష్టమైంది. మీ ఇంటివారికి ఆ కష్టం రాకూడదు. ఎంత కంగారులో ఉన్నా, "దెబ్బ ఎలా తగిలింది?" అని మేము అడిగినప్పుడు జరిగింది జరిగినట్టు చెప్పండి.