పాత ఫోర్‌వీల్ డ్రైవ్ ట్రాక్టర్లు: దమ్ము కాలంలో తలెత్తే లోపాలు, వాటిని గుర్తించే విధానం

కృష్ణా, గోదావరి డెల్టాలలోను, తెలంగాణ కాలువల ఆయకట్టులలోను దమ్ము పనికి ఫోర్‌వీల్ డ్రైవ్ ట్రాక్టర్ల వాడకం బాగా పెరిగింది. వాటిలో గణనీయమైన భాగం ఇప్పుడు పాతబడి, ఒక రైతు చేతి నుండి మరొక రైతు చేతికి మారుతున్నాయి. కొత్త ట్రాక్టరుతో పోలిస్తే ధర తక్కువ కావడం వలన కౌలు రైతులు, అద్దెకు దమ్ము చేసే యువకులు వీటివైపే మొగ్గు చూపుతున్నారు. అయితే ఈ ట్రాక్టర్ల ముందు ఇరుసు చెడిపోవడం సాధారణంగా దమ్ము మధ్యలోనే జరుగుతుంది. కాలువకు నీరు వదిలిన తరువాత వారం పది రోజులు ట్రాక్టరు షెడ్డులో నిలిచిపోతే నారు ముదురుతుంది. 25–30 రోజుల వయసులో నాటవలసిన నారు 40 రోజులు దాటితే పిలకలు తగ్గుతాయి. కాబట్టి ఇరుసులోని ఆయిల్ సీల్‌ను కేవలం యంత్రవిద్యకు సంబంధించిన విషయంగా సస్యశాస్త్రజ్ఞుడు పక్కన పెట్టలేడు.

ఈ ట్రాక్టర్లలో వెనుక చక్రాలకు ఎల్లప్పుడూ చోదకశక్తి అందుతుంది. ముందు చక్రాలకు మాత్రం లివరు వేసినప్పుడే, గేరుపెట్టె అడుగున ఉన్న ఒక కలయిక ద్వారా ప్రొపెల్లర్ షాఫ్ట్‌కు, అక్కడి నుండి ముందు డిఫరెన్షియల్‌కు, చివరకు హబ్‌లలోని గేర్లకు శక్తి చేరుతుంది. ముందు, వెనుక ఇరుసుల మధ్య డిఫరెన్షియల్ ఉండదు. అంటే లివరు వేసిన తరువాత వెనుక చక్రం పది సార్లు తిరిగితే ముందు చక్రం ఎన్నిసార్లు తిరగాలో గేర్ల పళ్ళే నిర్ణయిస్తాయి. నేల పరిస్థితితో వాటికి నిమిత్తం లేదు. పాత ట్రాక్టర్లలో కనిపించే అనేక లోపాలకు మూలం ఈ ఒక్క అంశంలోనే ఉంది.

తయారీదారులు ముందు చక్రం అంచు వేగం వెనుక చక్రం కంటే కొద్దిగా ఎక్కువగా ఉండేటట్లు గేర్లను అమర్చుతారు. దీనిని ముందంజ అనవచ్చు. ఇది సాధారణంగా 1 నుండి 5 శాతం మధ్య ఉండాలి. ముందు చక్రాలు ట్రాక్టరును కొంచెం లాగుతున్నప్పుడే వాటి వలన ప్రయోజనం ఉంటుంది. ముందంజ 5 శాతం మించితే ముందు టైర్లు నేలను గీరుతూ అరిగిపోతాయి, గేర్లపై ఒత్తిడి పెరుగుతుంది. సున్నా కంటే తగ్గితే ముందు చక్రాలు లాగడానికి బదులు బ్రేకు వలె అడ్డుపడతాయి. అప్పుడు వెనుక చక్రాలు ఇటు నాగలినే కాక, అటు ముందు ఇరుసును కూడా నెట్టవలసి వస్తుంది. డీజిలు ఎక్కువ తాగుతోందని రైతు చెప్పినప్పుడు ఇంజనును విప్పే ముందు ఈ ముందంజను కొలవడం మంచిది.

కొలవడానికి సుద్దముక్క, ఇద్దరు మనుషులు చాలు. ముందు, వెనుక టైర్లలో గాలి సూచించిన మేరకు నింపి, రెండింటిపైనా ఒక్కొక్క గీత గీయాలి. మొదట లివరు తీసివేసి, గట్టి సమతల నేలపై ట్రాక్టరును తిన్నగా నడుపుతూ, వెనుక చక్రం 10 చుట్లు తిరిగేలోగా ముందు చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కించాలి. తరువాత లివరు వేసి, వదులుగా ఉన్న దుక్కి నేలపై అదే విధంగా లెక్కించాలి. మొదటిసారి 15.2 చుట్లు, రెండవసారి 15.7 చుట్లు వచ్చాయనుకుందాం. తేడా 0.5. దీనిని 15.2తో భాగిస్తే ముందంజ సుమారు 3.3 శాతం. ఈ ట్రాక్టరు సరిగా ఉన్నట్లే. చుట్టులో పదవ వంతును కూడా గుర్తించవలసి ఉన్నందున, కనీసం మూడుసార్లు లెక్కించి సగటు తీయాలి.

ముందంజ చెడడానికి ప్రధాన కారణం టైర్లను జతగా కాక విడివిడిగా మార్చడం. ముందు చక్రం వ్యాసార్ధం 400 మి.మీ. అనుకుంటే, గుబ్బలు 20 మి.మీ. అరిగినప్పుడు 5 శాతం తగ్గినట్లే. వెనుక చక్రం వ్యాసార్ధం 630 మి.మీ. ఉండి 25 మి.మీ. అరిగితే తగ్గుదల 4 శాతం మాత్రమే. రెండూ కలిసి అరిగితే నిష్పత్తి పెద్దగా మారదు. కానీ 3 శాతం ముందంజ గల ట్రాక్టరుకు అరిగిన వెనుక టైర్లను అలాగే ఉంచి ముందు కొత్తవి వేస్తే అది 7 శాతానికి చేరుతుంది. అరిగిన ముందు టైర్లతో వెనుక కొత్తవి వేస్తే సున్నా కంటే 2 శాతం దిగువకు పడిపోతుంది. దుకాణంలో దొరికిన వేరే కొలత టైరు వేస్తే ఏమవుతుందో ఇక చెప్పనవసరం లేదు.

మన ప్రాంతంలో దీనికి మరొక చిక్కు తోడవుతుంది. దమ్ముకు వెనుక టైర్లు తీసి పూర్తి ఇనుప చక్రాలు బిగించడం మనకు అలవాటు. ఈ కేజ్ వీల్స్ ఊరి వెల్డింగు షాపులో తయారవుతాయి, వాటి వ్యాసం తయారుచేసిన వారి అంచనా మేరకే ఉంటుంది. 1,260 మి.మీ. వ్యాసం గల టైరు స్థానంలో 1,200 మి.మీ. చక్రం బిగిస్తే, 3 శాతం ముందంజ 8 శాతం దాటుతుంది. బురదలో చక్రాలు జారుతుంటాయి కనుక ఈ తేడా అక్కడ బయటపడదు. గట్టు ఎక్కేటప్పుడు, గట్టి బాటపై మరొక మడికి వెళ్ళేటప్పుడు గేర్లపై పడుతుంది. అందువలన మడి దాటగానే లివరు తీసివేయడం డ్రైవరుకు అలవాటు కావాలి. ఇనుప చక్రాలు చేయించేటప్పుడు కంటి అంచనా విడిచి టేపుతో కొలిపించమని రైతులకు విస్తరణ శాస్త్రవేత్తలు చెప్పవలసిన అవసరం ఉంది.

లివరు వేసి తారురోడ్డుపై ట్రక్కు లాగడం మరొక దురలవాటు. మలుపులో ముందు చక్రాలు వెనుక చక్రాల కంటే పెద్ద వృత్తంలో తిరుగుతాయి. పొలంలో మట్టి జారి ఈ తేడాను సర్దుతుంది, తారురోడ్డు సర్దదు. ఫలితంగా షాఫ్ట్, గేర్లు మెలితిరిగి బిగుసుకుంటాయి. అప్పుడు లివరు తీయబోతే రాదు. చాలామంది దానిని సుత్తితో కొట్టి కడ్డీని వంచుతారు. ట్రాక్టరును రెండు మూడు మీటర్లు తిన్నగా వెనుకకు నడిపితే బిగువు సడలి లివరు దానంతట అదే వదులవుతుంది. అప్పటికీ రాకపోతేనే కడ్డీలను, లోపలి ఫోర్కును పరీక్షించాలి. పని మధ్యలో లివరు తనంతట జారిపోతుంటే కలయిక పళ్ళు గుండ్రంగా అరిగి ఉండవచ్చు, లేదా దానిని పట్టి ఉంచే స్ప్రింగు బలహీనపడి ఉండవచ్చు.

ఇక హబ్‌లోకి నీరు చేరడం. దమ్ములో ముందు ఇరుసు గంటల తరబడి బురదనీటిలో మునిగి ఉంటుంది. రోడ్డుపై నడిచి వేడెక్కిన ఇరుసు చల్లని నీటిలో దిగగానే లోపలి గాలి సంకోచించి, బయటి నీటిని సీల్ అంచుల గుండా లోపలికి పీల్చుతుంది. ఇరుసుపై ఉండే చిన్న బ్రీదర్ ఈ ఒత్తిడిని సమం చేయడానికే ఉన్నది. అది మట్టితో మూసుకుపోతే రెండు విధాలా నష్టమే: వేడికి ఆయిల్ బయటికి తోసుకువస్తుంది, చల్లబడినప్పుడు నీరు లోపలికి పోతుంది. సీల్ మార్చిన నెలకే మళ్ళీ కారుతోందని మెకానిక్కును నిందించే ముందు బ్రీదర్‌ను చూడాలి. దానికి రబ్బరు గొట్టం తగిలించి నీటిమట్టానికి ఎత్తుగా బిగించడం చవకైన, మేలైన ఉపాయం. గడ్డి, నారుకట్టల ప్లాస్టిక్ తాళ్ళు హబ్‌కు చుట్టుకొని సీల్ పెదవిని కోస్తాయి కనుక, ప్రతిరోజూ సాయంత్రం వాటిని తీసివేయాలి.

నీరు చేరిందా లేదా తెలుసుకోవడానికి ట్రాక్టరును రాత్రంతా నిలిపి, ఉదయం కదపకుండా అడుగు ప్లగ్‌ను కొద్దిగా వదులు చేయాలి. నీరు బరువైనది కనుక ముందు అదే కారుతుంది. ఆయిల్ పాలవలె తెల్లబడి ఉంటే నీరు ఇప్పటికే కలిసిపోయిందని అర్థం. అటువంటి ఆయిల్‌ను ఒక్కరోజు కూడా ఉంచరాదు. తుప్పు పట్టిన బేరింగు ముక్కలై గేరు పళ్ళ మధ్య పడితే ఖర్చు సీల్ ధరకు అనేక రెట్లవుతుంది. ఆయిల్‌లో వెండిపొడి వంటి మెరుపు స్వల్పంగా ఉంటే సాధారణ అరుగుదల, గోటికి తగిలే రేకులు ఉంటే ఇరుసును విప్పవలసిందే.

కొందరు కొనుగోలుదారులకు తమ ముందు చక్రాలు అసలు లాగుతున్నాయో లేదో కూడా తెలియదు. వెనుక చక్రాలకు దిమ్మలు వేసి, గేరులో ఉంచి, ఇంజను ఆపి, లివరు వేసి, ముందు ఇరుసును స్టాండ్లపై నిలపాలి. జాకీ ఒక్కదానినే నమ్మరాదు. ఒక ముందు చక్రాన్ని చేతితో తిప్పితే రెండవది వ్యతిరేక దిశలో తిరగాలి. అప్పుడు ప్రొపెల్లర్ షాఫ్ట్ కూడా తిరుగుతుంటే వెనుక కలయిక పట్టలేదని, షాఫ్ట్ నిలిచి ఉండి రెండవ చక్రం కూడా కదలకపోతే ఇరుసులో ఏదో తెగిందని గ్రహించాలి. జారుడు నిరోధక డిఫరెన్షియల్ ఉన్న నమూనాలలో మాత్రం చక్రాలు గట్టిగా ఉంటాయి, దానిని లోపంగా భావించరాదు.

శబ్దాల విషయం క్లుప్తంగా చెబుతాను. మలుపులో టక్‌టక్‌మంటే ఇరుసు చివరి యూనివర్సల్ జాయింటును, లివరు వేయగానే గట్టిగా దెబ్బ వినిపిస్తే షాఫ్ట్ పళ్ళను, వేగంలో స్టీరింగు వణికితే కింగ్‌పిన్ బేరింగులను, టై రాడ్ చివరలను చూడాలి.

పరిశోధన స్థానాలలోని పాత ఫోర్‌వీల్ డ్రైవ్ జీపులకూ, జిప్సీలకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. వాటిలో చాలావాటికి ముందు హబ్‌లపై చేతితో తిప్పే తాళాలు ఉంటాయి. అవి వదులుగా ఉంటే లోపల లివరు వేసినా ముందు చక్రాలు లాగవు. బురదలో దిగబడిన తరువాత ఈ సంగతి గుర్తుకు రావడం వలన ప్రయోజనం లేదు. ఎల్లవేళలా నాలుగు చక్రాలూ లాగే కార్లలో మధ్య కలయిక ఉన్నప్పటికీ, ఒక టైరు మాత్రమే మార్చితే ఆ కలయిక నిరంతరం పనిచేస్తూ వేడెక్కి పాడవుతుంది.

సస్యశాస్త్ర దృష్టితో ఒక హెచ్చరిక అవసరం. ముందు చక్రాలు లాగుతున్నంత మాత్రాన ఎంత తడిలోనైనా దిగవచ్చునని కాదు. నల్లరేగడిలో అధిక బరువుతో పదే పదే తిరిగితే దమ్ము పొర కింద గట్టి పొర ఏర్పడుతుంది. వరికి నీరు ఇంకకుండా అది కొంత మేలు చేసినా, తరువాత వేసే మినుము, మొక్కజొన్న వేర్లకు అడ్డమవుతుంది. దుక్కిలో చక్రాల జారుడు 8–12 శాతం ఉంటే చాలు. జారుడు అంతకంటే తక్కువగా ఉంటే బరువు ఎక్కువైనట్లే. మెట్ట దుక్కికి బిగించిన ఇనుప దిమ్మలను దమ్ముకు ముందు తీసివేయాలి. ఈ పని చేసే రైతులు అరుదు.

దమ్ము ముగిసిన వారంలోగా హబ్‌లు, డిఫరెన్షియల్ ఆయిల్ మార్చడం మేలు. వచ్చే సీజనుకు ముందు మార్చుదామని ఆగితే, లోపల చేరిన నీరు నెలల తరబడి బేరింగులను తింటూనే ఉంటుంది. పాత ట్రాక్టరు కొనేవారు కూడా దమ్ము ముగిసిన వెంటనే, ఆయిల్ మార్చక ముందే చూసుకోవాలి. ప్లగ్ వదులు చేయడానికి అమ్మేవాడు ఒప్పుకోకపోతే ధర తగ్గించి అడగడమో, మరొక బండిని చూసుకోవడమో చేయాలి.